విరిగిన వస్తువుల అలమర

మా ఇంట్లో ఏదైనా విరిగితే తిట్టేవాళ్ళు కాదు. విన్నవాళ్ళంతా అదృష్టమంటే నీదే అనేవారు కానీ, నన్నడిగితే తిట్లే నయం. కప్పు పగిలినా, కుర్చీ కాలు ఊడినా, గొడుగు ఊచ విరిగినా నాన్న ఆ ముక్కలన్నీ ఏరుకొచ్చి బల్ల మీద పరిచేవాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఇది ఎందుకు విరిగిందంటావ్?" అని తీరిగ్గా మొదలుపెట్టేవాడు.

"చెయ్యి జారింది నాన్నా."

"చెయ్యి జారితే కింద పడుతుంది. పడ్డవన్నీ పగులుతున్నాయా? ఇది ఇక్కడే, పిడి మొదట్లోనే ఎందుకు పగిలింది?"

ఇక చూసుకోండి, అన్నం చల్లారిపోవలసిందే. కారణం తేలేదాకా ఆ వస్తువును పారేయడానికి వీల్లేదు. హాల్లో అద్దాల తలుపుల అలమర ఒకటి దానికోసమే ఉండేది. కారణం తేలిన రోజున నాన్నే దాన్ని తీసి చెత్తబుట్టలో వేసి చేతులు దులుపుకునేవాడు. "అందరిళ్ళలో అలమరలో బొమ్మలుంటాయి, మా ఇంట్లో శవాలుంటాయి," అని అమ్మ ఇంటికొచ్చినవాళ్ళకి చూపించేది. అమ్మ ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. అక్కడ పుట్టేవాళ్ళను చూసుకుని అలిసిపోయి ఇంటికొస్తే ఇక్కడ ఈ పోస్టుమార్టం ఏమిటని ఆవిడ గోల.

పై అరలో మాత్రం పిడికిలంత కాంక్రీటు పెళ్ళ ఒకటి ఉండేది. నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. దాని కారణం ఇంకా తేలలేదు.

ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల ఎలా తయారవుతుంది? మాటలొచ్చిన దగ్గర్నుంచీ నా నోట్లో నానిన మాట ఒక్కటే. అందుకని మా పిన్ని నాకు 'ఎందుకమ్మ' అని పేరు పెట్టేసింది. అసలు పేరు బడి హాజరుపట్టీలో మిగిలిపోయింది.

నేను చెప్పబోయేది బడి అయిపోయాక, కాలేజీ తెరిచేలోపు వచ్చిన వేసవి గురించి. ఇంజినీరింగ్‌లో సీటు వచ్చింది. సీటుతో పాటే చిక్కూ వచ్చింది. నా మార్కులకి రెండు బ్రాంచీలు అందాయి. ఒకటి సివిల్, రెండోది ఫుడ్ టెక్నాలజీ. కాలేజీ తెరిచేముందు వెళ్ళి ఏదో ఒకటి చెప్పాలి. చెప్పాక మనసు మారిందంటే కుదరదు.

నాన్న వంతెనల ఇంజినీరు. మా ఊరి ఏటి మీది పాత వంతెన మంచిచెడ్డలు చూసేది ఆయనే. అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, ఏటికి అవతల బిస్కెట్ ఫ్యాక్టరీలో ఇంజినీరు. మా మేడ మీది వాటాలోనే ఉండేది. పొద్దున టీకి కిందికి దిగేది, దిగగానే బావామరదళ్ళ యుద్ధం మొదలయ్యేది.

"బిస్కెట్లకి ఇంజినీరింగ్ ఏంటమ్మా? విరిగితే టీలో ముంచుకుంటారు. అదే నా బ్రిడ్జి విరిగితే దేంట్లో ముంచుకుంటారు?" అనేవాడు నాన్న.

"ఏట్లో ముంచుకుంటారు బావగారూ. అయినా మీ బ్రిడ్జిని ఎవరో ఎప్పుడో కట్టేశారు. మీరు పక్కన కూర్చుని కాపలా కాస్తున్నారు. నేనైతే రోజూ పొద్దున్నే కొత్తగా కడుతున్నా. దానికి ఎందుకమ్మ లాంటి బుర్ర కావాలి."

"దాని బుర్ర పిండి కలపడానికా?"

"ఆపుతారా ఇద్దరూ!" అంది అమ్మ ఒకరోజు, చేతిలో టీ గిన్నె అలాగే పట్టుకుని. "ఒసేయ్, నువ్వు పొద్దున్నే నాన్నతో బ్రిడ్జికి వెళ్ళు. ఆ తర్వాత పిన్నితో ఫ్యాక్టరీకి పో. వేసవంతా తిరుగు. ఆఖర్న నువ్వే చెప్పు. ఈలోపల ఎవరైనా ఈ ఊసెత్తి నా బుర్ర తిన్నారంటే టీ బంద్."

టీ మాట వినేసరికి ఇద్దరూ గప్‌చుప్. నాన్న పైకి ఏమీ అనలేదు గానీ, సాయంత్రానికల్లా నా తలకి సరిపోయే పసుపుపచ్చ హెల్మెట్ ఒకటి ఆయన హెల్మెట్ పక్కన కొక్కేనికి వేలాడింది. దాన్ని చూసి సంబరమూ వేసింది, గుబులూ వేసింది. నాకేం కావాలో నాకు నిజంగానే తెలియదు మరి.

*

వంతెన దగ్గరికి ఎండ రాకముందే వెళ్ళాలి. అది నాన్న పెట్టుకున్న నియమం. వాన వచ్చినా, ఒంట్లో బాగాలేకపోయినా సూర్యుడికంటే ముందు అక్కడ ఉండేవాడు.

ఒడ్డున ఇనప మెట్లు దిగితే వంతెన కిందికి ఇరుకైన నడవ లాంటిది ఉంది. పైన బస్సులు పోతుంటే తల మీద ఎవరో బల్లలు ఈడుస్తున్నట్టు చప్పుడు. కింద నీళ్ళు. మధ్యలో నిద్రలేచిన పావురాల విసుగు. మొదటిరోజు కమ్మీ పట్టుకుని నడిచాను, రెండో రోజుకి వదిలేశాను.

మూడో స్తంభం తలకట్టు మీద, అంటే వంతెన బరువు ఆనే పైదిమ్మ మీద, ఒక పగులుంది. సన్నగా, నా జానెడు పొడుగున. దాని మీద రెండు పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలు ఒకదాని మీద ఒకటి అతికించి ఉన్నాయి. కింది పలక పగులుకి ఎడమ పక్కన అంటించారు, దాని మీద చిన్న చిన్న గళ్ళు. పై పలక కుడి పక్కన అంటించారు, దాని మీద ఎర్రటి ప్లస్ గుర్తు. పగులు కదిలితే గళ్ళ మీద ఆ గుర్తూ కదులుతుంది. నాన్న భూతద్దం పెట్టి దాన్ని చూసే తీరు, అమ్మ నా జ్వరం చూసే తీరూ ఒకటే.

"ఈ పగులు ఎందుకొచ్చింది నాన్నా?"

"తెలీదు."

నాకు మతిపోయింది. పుట్టి బుద్ధెరిగాక నాన్న నోట ఆ మాట విన్నది అదే మొదలు. ఆయన నా మొహం చూసి నవ్వాడు.

"భయపడకు, ప్రమాదం లేదు. లెక్కలు కట్టాం, బయట్నుంచి పెద్దపెద్దవాళ్ళొచ్చి చూసి పోయారు. బ్రిడ్జికి ఏం కాదు. కానీ ఏడాదికి వెంట్రుకవాసి చొప్పున ఇది కదులుతోంది. ఎప్పుడూ ఒకే వైపు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. అలమరలో పెళ్ళ ఉందే, అది ఇక్కడిదే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాలింది."

ఆ క్షణాన ఆ పగులులోకి దూరిపోయి చూడాలనిపించింది. ఇంటికొచ్చి అలమర తెరిచి, ఆ పెళ్ళని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు నిలబడ్డాను. అప్పుడే ఎవరైనా అడిగి ఉంటే సివిల్ అని చెప్పేసేదాన్ని.

కానీ ఆ పూటే పిన్ని నన్ను ఫ్యాక్టరీకి లాక్కుపోయింది.

గేటు దగ్గరే వెన్న, కాలిన చక్కెర కలిసిన వాసన వచ్చి ముక్కు పట్టుకుంది. లోపల రైలు పెట్టెంత పొడుగు ఓవెన్. ఒక చివర పచ్చి పిండి బిళ్ళలు వెళ్తుంటే, రెండో చివర బిస్కెట్లు బెల్టు మీద వరసలు వరసలుగా బయటికి వస్తున్నాయి. తెల్ల టోపీ పెట్టుకున్న పిన్ని ఇంట్లో పిన్నిలా లేదు. అరవకుండా, గబగబా, కనుసైగలతో అందరినీ నడిపిస్తోంది. బెల్టు మీంచి ఒక పళ్ళెం నిండా బిస్కెట్లు ఎత్తి నా ముందు పెట్టింది. ఆ చలికాలంలోనే మొదలుపెట్టిన కొత్త రకం అది, పల్చగా, అరచేయంత వెడల్పుగా.

"బాగా చూడు. ఒక్కటైనా విరిగిందా?"

"లేదు."

"ఇలాగే, ఈ వరసలు చెదరకుండా ఇంటికి పట్టుకెళ్ళు. ఎవర్నీ ముట్టుకోనివ్వకు. నువ్వు తినకు. రేపు పొద్దున చెప్పు."

అలమర నెత్తిన పెట్టి, మీద సన్నటి గుడ్డ కప్పాను. పొద్దున గుడ్డ తీసి చూద్దును కదా, దాదాపు సగం బిస్కెట్లకి అడ్డంగా వెంట్రుకంత గీత! కాస్త నొక్కితే రెండు ముక్కలు.

"అమ్మా! ఎవరు ముట్టుకున్నారు?"

"నాకింకేం పన్లేదా? మీ నాన్న నడిచినప్పుడు ఇల్లంతా అదురుతుంది, ఆయన్నడుగు."

నాన్న మీద కేసు నిలబడలేదు. పిన్ని మేడ మెట్ల మీద నిలబడి పకపకా నవ్వుతోంది.

"ఎవరూ ముట్టుకోలేదే పిచ్చిమొహమా. వాటంతట అవే విరుగుతాయి. ఓవెన్లోంచి వచ్చేసరికి బిస్కెట్ అంచు ఎండిపోయి ఉంటుంది, మధ్యలో కాస్త తేమ మిగులుతుంది. ఆ తేమ నెమ్మదిగా అంచులకి పాకుతుంది. అంచు ఉబ్బుతానంటుంది, మధ్య భాగం ముడుచుకుంటానంటుంది. ఆ లాగులాటలో మర్నాటికి పగులొస్తుంది. ఫ్యాక్టరీలో చూస్తే అన్నీ బంగారంలా ఉంటాయి. కొట్లో ప్యాకెట్ విప్పితే ముక్కలు. మా మేనేజరేమో లారీ డ్రైవర్లని ఆడిపోసుకుంటాడు."

"మరి దీన్ని ఆపలేమా?"

"మామూలుగా ఆపుతాం, నెమ్మదిగా చల్లారిస్తే చాలు. ఈ రకం చలికాలంలో బ్రహ్మాండంగా వచ్చింది. అదే పిండి, అదే ఓవెన్. ఈ ఎండలు మొదలైన దగ్గర్నుంచీ దీనికేం మాయరోగం వచ్చిందో తెలీడం లేదు. వేడి తగ్గించి చూశా, పెంచి చూశా. కాలేజీలు తెరిచేలోపు బాగుచెయ్యకపోతే ఈ బిస్కెట్ ఆపేస్తామన్నారు. నా చేత్తో పుట్టిందే ఇది."

ఆ రోజు నుంచి నా పని అదే. సాయంత్రం ఒక పళ్ళెం తేవడం, పొద్దున ఎన్ని విరిగాయో పిన్నికి చెప్పడం. పొద్దున లేవగానే దుప్పటి కూడా మడవకుండా అలమర దగ్గరికి పరిగెత్తేదాన్ని. నాన్న హెల్మెట్ పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "పొద్దెక్కిపోతోందే," అని తొందరపెట్టేవాడు.

*

వేసవి సగం గడిచాక నేనొక ఘనకార్యం చేశాను.

ఆ రోజు మధ్యాహ్నం ఫ్యాక్టరీలో భోజనాల వేళ. బయట ఎండ మండిపోతోంది. నాకేమో ఊరికే కూర్చోవడం చేతకాదు. వంతెన పక్కనే ఉంది కదా, ఆ పగులు మధ్యాహ్నం ఏం చేస్తూ ఉంటుందో చూద్దామని బుద్ధి పుట్టింది. ఇనప మెట్లు చేతికి కాలుతున్నాయి. దిగి, నడవ మీద నడిచి, పలకల్లోకి చూశాను.

ఎర్ర గుర్తు జరిగిపోయి ఉంది! పొద్దున చూసిన గడిలో లేదు. పక్క గడిలో ఉంది.

ఏడాదికి వెంట్రుకవాసి కదిలేది పూటలో గడి దాటేసిందంటే? పైన బస్సు వెళ్ళిన చప్పుడుకి వంతెన మొత్తం నా నెత్తిన పడుతున్నట్టే అనిపించింది. పరుగున ఒడ్డుకొచ్చి సైటు ఆఫీసులో పడ్డాను. అక్కడ నాన్న కింద పనిచేసే కుర్ర ఇంజినీరు ఉంటాడు. అన్నం తినేటప్పుడు కూడా హెల్మెట్ తియ్యడు, అందుకని మేమంతా 'హెల్మెట్ అన్నయ్య' అనేవాళ్ళం.

"అన్నయ్యా, మూడో స్తంభం! గడి దాటిపోయింది!"

అతను వచ్చి చూశాడు. ఆ పలకల జోలికి నాన్న తప్ప ఎవరూ పోరు కనక అతనికీ కొత్తే. మొహం పాలిపోయింది. నాన్నేమో పెద్దాఫీసులో మీటింగులో ఉన్నాడు, ఫోను ఎత్తడం లేదు. "సారు వచ్చేదాకా సగం బ్రిడ్జి ఆపేద్దాం, ఎందుకైనా మంచిది," అన్నాడు. అడ్డంగా డ్రమ్ములు పెట్టించాడు.

అంతే, ఊరు ఊరంతా అక్కడే ఆగిపోయింది. హారన్లు, తిట్లు, ఎండకి ఏడ్చే పిల్లలు. బస్సుల్లోంచి జనం దిగి నడుస్తున్నారు. పిన్ని ఫ్యాక్టరీకి పిండి తెచ్చే లారీ సరిగ్గా మధ్యలో ఇరుక్కుంది. ఆ గొడవంతా చూస్తూ, ఊరిని కాపాడానన్న గర్వంతో ఒడ్డున నిలబడ్డాను.

చివరికి నాన్న ఎవరిదో స్కూటరు వెనక కూర్చుని, బళ్ళ మధ్యలోంచి వచ్చాడు. నేరుగా కిందికి దిగి పలకలు చూశాడు. తలకట్టు మీద అరచెయ్యి ఆన్చి కాసేపు ఉంచాడు. పైకొచ్చి, "తీసెయ్ డ్రమ్ములు," అన్నాడు. హెల్మెట్ అన్నయ్య బతుకుజీవుడా అని పరిగెత్తాడు.

"నువ్వు రా," అన్నాడు నాన్న నాతో. అయిపోయింది నా పని అనుకున్నాను. నడవ మీద, పగులు ఎదురుగా చతికిలబడి, పక్కన నన్నూ కూర్చోబెట్టుకున్నాడు. "కూర్చుని దీన్నే చూస్తూ ఉండు."

"ఎందుకు?"

"చూడమన్నానుగా."

చూశాను. చూసి చూసి కళ్ళు నీళ్ళు కారాయి. ఎండ స్తంభం మీంచి జారి నీళ్ళలోకి దిగింది. ఏటి గాలి మొదలైంది. కదులుతున్నట్టు కంటికి తెలియలేదు గానీ, పావురాల వైపు చూసి మళ్ళీ ఇటు తిరిగినప్పుడల్లా ఆ ఎర్ర గుర్తు కాస్త వెనక్కి వచ్చినట్టు ఉండేది. పొద్దు వాలేసరికి అది బుద్ధిగా పాత గడి అంచుకి వచ్చేసింది.

"నాన్నా! వెనక్కొస్తోంది!"

"రోజూ వస్తుంది. ఎండకి బ్రిడ్జి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. దాంతో పాటే పగులు కాస్త తెరుచుకుని మళ్ళీ మూసుకుంటుంది. అందుకే ఎండ తగలకముందు, రోజూ ఒకే వేళకి చూడాలి. పొద్దుటి చూపుని మధ్యాహ్నం చూపుతో పోలిస్తే ఊరు ఆగిపోతుంది," అని నవ్వాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. అంతకంటే ఎక్కువ సంతోషం వేసింది. ఇంత బండరాయి లాంటి వంతెన రోజూ సాగి ముడుచుకుంటుందని బస్సుల్లో పోయేవాళ్ళకి ఎవరికైనా తెలుసా?

"మరి ఆ ఏడాది కదలిక?"

"అది వెనక్కి రాదు. అదే నాకు కావాలి." నాన్న గొంతు మారింది. "ఇంకెంతో కాలం లేదే నా సర్వీసు. ఈలోపల తేలేట్టు లేదు. ఇంకొకళ్ళ జీవితం పట్టొచ్చు. ఎవరో ఒకళ్ళు రోజూ పొద్దున్నే వచ్చి చూస్తూ ఉండాలి. నాకు నమ్మకమైన మనిషి."

ఆ మనిషి నేనే. పేరు పెట్టి చెప్పకపోయినా తెలిసిపోయింది. నాన్న అంటే నాకు ప్రాణం. ఆయన పగులుని దిక్కులేకుండా వదిలేసి బిస్కెట్లు కాల్చుకుంటానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? మనసులో సివిల్‌కి టిక్కు పెట్టేశాను. పెట్టాక హాయిగా ఉండాలి కదా? లేదు. మర్నాడు పొద్దున మళ్ళీ దుప్పటి మడవకుండా పళ్ళెం దగ్గరికే పరిగెత్తాను.

*

కాలేజీకి వెళ్ళవలసిన రోజు దగ్గరపడింది. పిన్ని బిస్కెట్ ఇంకా విరుగుతూనే ఉంది. పాపం, ఆవిడ టీకి దిగినా నాన్నతో పోట్లాడడం మానేసింది. అది చూడలేక నాన్నే ఒకటి రెండుసార్లు కయ్యానికి కాలు దువ్వాడు. లాభం లేకపోయింది.

ఒక పొద్దున నేను లేచేసరికి హాల్లో వెలుతురుగా ఉంది. ఎందుకో నన్ను ఎవరూ లేపలేదు. గబగబా వచ్చి చూస్తే అలమర ముందు నాన్న. నెత్తిన హెల్మెట్, కాళ్ళకి బూట్లు, చేతిలో భూతద్దం. పళ్ళెం మీదికి వంగి, ఒక్కో బిస్కెట్ చూస్తూ తనలో తను గొణుక్కుంటున్నాడు. కిటికీలోంచి ఎండ ఆయన భుజం మీద పడుతోంది. ఆయనకి ఆ ధ్యాసే లేదు.

"నాన్నా, ఎండ వచ్చేసింది. బ్రిడ్జికి వెళ్ళలేదా?"

తలెత్తి కిటికీ వైపు చూశాడు. "అరె," అన్నాడు. అంతే. నాకు ఊహ తెలిశాక ఆయన పొద్దుటి చూపు తప్పిపోవడం అదొక్కసారే. దాని గురించి ఇంకేం అనకుండా నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఇవి బెల్టు మీద ఉన్న వరసలోనే పెట్టావా?"

"అలాగే పెట్టాను."

"రోజూ ఎన్ని విరిగాయో చెప్తున్నావు. ఎక్కడివి విరిగాయో చూశావా? అన్నీ ఈ పక్కవే. అటు పక్కన ఒక్కటీ లేదు. బ్రిడ్జికైతే ఎండ ఏ పక్కన తగులుతుందని అడుగుతాను. మీ బెల్టుకి ఈ పక్కన ఏముంది?"

పళ్ళెం రోజూ నా కళ్ళెదురుగానే ఉంది. వేలు పెట్టి లెక్కపెట్టాను గానీ ఆ సంగతి పట్టించుకుంటేనా! పిన్నీ అంతే, నేను చెప్పిన లెక్క విని ఓవెన్ వేడి మీద పడింది. మేడ మెట్లు రెండేసి ఎక్కి, పళ్ళు తోముకుంటున్న పిన్నిని అలాగే కిందికి లాక్కొచ్చాను.

"ఆ పక్కన ఏముందే? ఏమీ లేదు. సరుకెక్కించే షట్టరు..." అంటూనే పిన్ని ఆగిపోయింది. నోట్లో బ్రష్షు అలాగే ఉంది.

వేసవి కదా. ప్యాకింగులో పనిచేసేవాళ్ళు ఉక్కకి తట్టుకోలేక ఆ షట్టరు సగం ఎత్తి ఉంచేవాళ్ళు. చలికాలంలో ఎవరు ఎత్తుతారు? ఏటి మీది గాలి నేరుగా వచ్చి, ఓవెన్లోంచి అప్పుడే బయటపడ్డ బిస్కెట్లకి ఒక పక్కన కొట్టేది. ఆ పక్కవి ఒక్కసారిగా చల్లారిపోయి మర్నాటికి విరిగేవి. పిన్ని ఆ పూటే షట్టరుకీ బెల్టుకీ మధ్య మందపాటి తెర కట్టించింది. పనివాళ్ళకి ఉక్క లేకుండా పెద్ద ఫ్యాన్లు వాళ్ళ వైపే తిప్పించింది. సాయంత్రం నేను పళ్ళెం తెచ్చి అలమర నెత్తిన పెట్టాను. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

తెల్లవారగానే గుడ్డ తీశాను. ఒకటి, దాని పక్కది, దాని పక్కది. ఒక్కోదాన్నీ వెలుతురుకి పెట్టి చూశాను. గీత లేదు. ఒక్కదానికీ లేదు!

నేను పెట్టిన కేకకి అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. పిన్ని మెట్ల మీంచి దూకినంత పని చేసి నన్ను వాటేసుకుంది. ఇద్దరం హాలంతా గిరగిరా తిరిగాం. గడ్డానికి సగం నురగతో నాన్న గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. బిస్కెట్ల వంక చూడడం లేదు, నా మొహంలోకే చూస్తున్నాడు.

*

బ్రాంచి చెప్పడానికి కాలేజీకి వెళ్ళే రోజు పొద్దున కూడా వంతెనకి వెళ్ళాం. నాన్న భూతద్దం నా చేతికిచ్చాడు. ఎర్ర గుర్తు ఉండవలసిన చోటే ఉంది. చూసి, తిరిగి ఇచ్చేశాను.

"నాన్నా, దీన్ని ఎవరు చూస్తారు?"

"మన హెల్మెట్ ఉన్నాడుగా. ఆ రోజు దెబ్బకి పాపం రోజూ నాకంటే ముందే వస్తున్నాడు."

"నేను చూడాలని కదా నువ్వు..."

"అనుకున్నాను. అనుకుంటే తప్పేంటి?" భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. "నీకు ఇవాళ అడిగితే రేపు పొద్దునకి జవాబు కావాలి. అది దొరికిన రోజు నీ మొహం చూశాను కదా. ఇది నీకు ఆ మొహం ఇవ్వదమ్మా. దీనికి నాలాంటి మొద్దు మనిషి కావాలి."

నాకు ఏడుపు ఆగలేదు. నాన్న ఓదార్చలేదు, పావురాల వైపు చూస్తూ నిలబడ్డాడు. కాసేపయ్యాక, "పద, క్యూ పెరిగిపోతుంది," అన్నాడు.

కాలేజీలో కౌంటరు వెనక గుమాస్తా తలెత్తకుండానే "ఏ బ్రాంచి?" అన్నాడు. నేను నాన్న వైపు చూశాను. నాన్న గోడ మీది పాత నోటీసులన్నీ శ్రద్ధగా చదువుతున్నాడు.

"ఫుడ్ టెక్నాలజీ," అన్నాను.

"ఆ కిటికీ ఉంది చూశావా," అన్నాడు నాన్న బయటికొస్తూ. "దాని మూల పగిలింది. ఎందుకంటావ్?"

ఇంటికి చేరేదాకా దాని గురించే వాదించుకున్నాం.

కాలేజీ మొదటిరోజు పొద్దున్నే, అమ్మ నాకు టిఫిన్ డబ్బా సర్దుతూ అలమర వైపు చూసి ఆగిపోయింది. పై అరలో కాంక్రీటు పెళ్ళ పక్కన చిన్న గాజుసీసా ఉంది. మూత గట్టిగా బిగించి ఉంది. లోపల రెండు ముక్కలైన బిస్కెట్.

"ఏవండీ, ఇదేంటి ఇక్కడ? దీని కారణం తెలిసిపోయింది కదా. ఇంకా పారెయ్యలేదేం?"

నాన్న వినపడనట్టు బూట్లు వేసుకుంటున్నాడు. నేను కూడా దగ్గరికెళ్ళి చూశాను. పొద్దుటి చూపు తప్పిపోయిన ఆ రోజు పళ్ళెంలోదే అది. కారణం తేలాక కూడా ఆ అలమరలో చోటు దొరికిన వస్తువు అంతకుముందు ఒక్కటీ లేదు.

"ఎందుకు నాన్నా?" అన్నాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అబ్బబ్బ, ప్రతిదానికీ ఎందుకు ఎందుకని ఏంటే నీ గోల!" అని కసిరి, హెల్మెట్ అందుకుని, ఎండ రాకముందే వెళ్ళాలని గబగబా మెట్లు దిగిపోయాడు.